రింగుకి రాసిన ఆముదం

మా ఆయన యూనివర్సిటీలో అటెండరుగా చేస్తూనే పోయారు. ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు, పెద్దమ్మాయి కూతురికి మూడేళ్ళు. బడిలో నేను చదివింది నాలుగో తరగతి దాకానే. తెలుగు చదవగలను, సంతకం పెట్టగలను, అంతకు మించి ఏమీ రాదని ఆఫీసు గుమాస్తాకి చెప్పాను. "మిమ్మల్ని వేసిన లాబులో వాళ్ళు మాట్లాడుకునేది మాకూ అర్థం కాదులెండి, వెళ్ళండి" అని కాగితం చేతిలో పెట్టాడు.

కోరుకొండ రోడ్డు వైపు, ఫిజిక్సు బిల్డింగు వెనకాల రేకుల షెడ్డు. అదే ఆ లాబు. లోపల నడుమెత్తు ఇనుప బల్ల మీద స్టీలుతో చేసిన పెద్ద గారె ఉండేది. గారె అనడం నా మాట. వాళ్ళు దానికి ఏదో పేరు పెట్టుకున్నారు గానీ, నా కంటికి అది గారే. లారీ టైరంత ఉంటుంది, మధ్యలో చిల్లు, లోపలంతా డొల్ల. చుట్టూ రాగి తీగలు చుట్టి, పక్కన గది నిండా డబ్బాలు పేర్చారు. ఆ డబ్బాల్లో కరెంటు నింపి, ఒక్కసారిగా తీగల్లోకి వదులుతారు.

లాబు పెద్ద సారు ఎక్కడో ఉత్తరాన పెద్ద పరిశోధన కేంద్రంలో చాలా ఏళ్ళు పనిచేసి, సొంత ఊరి వైపు వచ్చేసిన మనిషి. అక్కడ వాళ్ళు అక్కర్లేదన్న పంపులూ గొట్టాలూ అడిగి తెచ్చుకుని ఈ గారెని కట్టారు. చేరిన కొత్తలో ఒకరోజు నేనే అడిగాను.

"ఇది దేనికండీ?"

"సూర్యుడు ఎలా వెలుగుతున్నాడో అలా ఇందులో వెలిగించాలమ్మా. అది కుదిరితే నీళ్ళలోంచి కరెంటు తీయొచ్చు."

"మరి వెలుగుతోందా?"

"వెలుగుతోంది. రెప్ప వేసేలోపు ఆరిపోతోంది."

"ఆరిపోయేదానికి ఇంత హడావుడాండీ?"

సారు నొచ్చుకోలేదు. "ఆరిపోకుండా నిలబెట్టడమే పని. ప్రపంచమంతా ఆ పని మీదే ఉన్నారు" అన్నారు.

అక్కడ లేతు పనీ వెల్డింగు పనీ చూసే మనిషిని అందరూ మేస్త్రి అనేవారు. అంతకుముందు పంచదార ఫ్యాక్టరీలో చేశాడు. నన్ను అక్కగారూ అనేవాడు. కరెంటు పుట్టిస్తామంటూ ఇంత కరెంటు తాగించడమేంటయ్యా అని అతన్ని నిలదీస్తే, "పాలు కావాలంటే ముందు గేదెకి గడ్డెయ్యాలి కదండీ అక్కగారూ. ఇది ఇంకా పెయ్యండి" అన్నాడు.

నా పని ఊడవడం, తుడవడం, బీరువా తాళాలు చూసుకోవడం. ఇంకొకటి కూడా ఉంది. గారెలో ఒకసారి వెలిగించడాన్ని షాటు అంటారు. షాటుకి ముందు అందరూ గారెకీ డబ్బాలకీ అడ్డంగా కట్టిన ఇనుప వల ఇవతలికి వచ్చెయ్యాలి. నేను గంట కొట్టి, తలలు లెక్కపెట్టి, "అందరూ వచ్చారండీ" అనాలి. నా నోటి నుంచి ఆ మాట వచ్చేదాకా సారైనా సరే బటన్ నొక్కకూడదు. ఈ పద్ధతి సారే పెట్టారు. చదువుకున్నవాళ్ళు ఆలోచనలో పడి లెక్క తప్పుతారట, నేను తప్పనట.

గారె లోపల దేన్నీ ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. చేతికుండే జిడ్డు చాలు పాడు చెయ్యడానికి. లోపలి గాలంతా పంపులు రాత్రీ పగలూ లాగేస్తూ ఉంటాయి. గాలి ఎంత తగ్గిందో గోడ మీది గేజిలో ముల్లు చూపిస్తుంది. చిటికెడు హైడ్రోజను వదిలి షాటు కొడితే, చిన్న గాజు కిటికీలోంచి ఒక రంగు తళుక్కుమంటుంది. అచ్చం వంకాయ పువ్వు రంగు. లోపల శుభ్రంగా ఉంటేనే ఆ రంగు వస్తుంది.

తొంభైలు అయిపోవస్తున్న రోజుల్లో ఆ లాబుకి ఒకమ్మాయి పరిశోధనకి చేరింది. సామర్లకోట నుంచి రోజూ పాసింజరులో వచ్చేది. వాళ్ళ నాన్నగారు మిషనరీ బడిలో మాస్టారు. నాలుగేళ్ళు ఆ రైల్లో తిరిగింది. తిండి మీద ధ్యాస ఉండదు, జడ సరిగ్గా వేసుకోదు. "జుట్టు ఊడి గారెలో పడితే నిన్నే లోపలికి పంపి ఏరిస్తాను" అని తిట్టేదాన్ని. "పడితే బాగుండు మామ్మగారూ, లోపలేం జరుగుతోందో చూసొస్తాను" అనేది.

ఆ అమ్మాయి కూలి కోసం వచ్చే మనిషిలా టైము చూసి పనిచేసేది కాదు. గారె మాట వినని రోజున కూడా మర్నాడు మొదటి బండికే దిగేది.

నాలుగో ఏడు వేసవిలో ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. జూను మొదట్లో కమిటీ వచ్చి చూస్తుంది, మిషను బాగా నడుస్తుంటే లాబు ఉంటుంది, లేకపోతే షెడ్డు కంప్యూటర్ల వాళ్ళకిచ్చేస్తారు. గారెని విప్పేస్తే ఆ అమ్మాయి నాలుగేళ్ళ పని సగంలో పోయినట్టే. ఇంకో గారె మన వైపు ఎక్కడా లేదు. సారు ఈ మాట అందరికీ చెప్పారు. నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పారు.

మే నెల సెలవుల్లో గారె పైమూత తీశారు. ఆ అమ్మాయి తన కొలతల కోసం ఒక సన్నటి తీగ లోపల అమర్చుకోవాలి. మూతకీ గారెకీ మధ్య పెద్ద రబ్బరు రింగు ఉంటుంది. కుక్కరు మూతకి ఉన్నట్టే, గాలి చొరబడకుండా. ఆ రింగు తీసి గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టారు.

"మామ్మగారూ, బీరువాలో కొత్త రింగు ఉంది కదండీ, అది వేసేద్దామా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"పాతదానికేం వచ్చింది? చిరిగిందా, తెగిందా? కొత్తది అలా ఉండనీ" అన్నాను. సారు కూడా పక్కనుంచి, పాతదే చాలులే అన్నారు.

వాళ్ళు నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళారు. నేను తుడవడానికి వెళ్ళి గుడ్డ విప్పి చూశాను. ఎండలకి రింగు మెరుపు పోయి పొడిబారినట్టు కనిపించింది. మా ఇంట్లో రబ్బరు ఎండిపోతే ఆముదం రాస్తాం. కుక్కరు రబ్బరు అలాగే పన్నెండేళ్ళు వాడాను. మర్నాడు ఇంటి నుంచి సీసా పట్టుకెళ్ళి, అరచేతిలో పోసుకుని, రింగు చుట్టూ రెండుసార్లు పట్టించాను. ఆరనిచ్చి, జిడ్డు కనబడకుండా గుడ్డతో తుడిచి, ఎలా ఉన్నదాన్ని అలా చుట్టేశాను. ఎక్కడా బిగించకుండా బల్ల మీద విడిగా ఉన్న చిన్న రింగులకి కూడా రాశాను. లోపలి వస్తువుని ముట్టుకోకూడదని నాకు బాగా తెలుసు. కానీ రింగు లోపలిది కాదు కదా, మూతల మధ్యది. అదీ నా లెక్క.

వాళ్ళు వచ్చి, తీగ అమర్చి, రింగుని స్పిరిట్టుతో ఒక తుడుపు తుడిచి మూత బిగించేశారు. మెరుస్తున్న రింగుని చూసి నాకు తృప్తిగా కూడా ఉంది. ఎవరికీ చెప్పలేదు. కుక్కరు రబ్బరుకి నూనె రాశానని ఎవరైనా ఊరంతా చెప్పుకుంటారా?

పంపులు వేశారు. గేజిలో ముల్లు దిగింది, దిగింది, ఒక చోట ఆగిపోయింది. రెండో రోజూ అక్కడే, నాలుగో రోజూ అక్కడే. ఎక్కడో సన్నంగా కారుతోందన్నారు. ఆ అమ్మాయి సిరంజిలో స్పిరిట్టు పట్టుకుని ప్రతి అతుకు మీదా చుక్క చుక్క వేస్తూ ముల్లు వైపు చూసేది. చిల్లు ఉంటే ముల్లు కదులుతుందట. వారం రోజులు, ఒక్కో బోల్టు చుట్టూ. ముల్లు కదలలేదు. అది చేస్తున్నంతసేపూ మేస్త్రి పక్కన నిలబడి టార్చి పట్టుకునేవాడు.

చివరికి సారు, ఉన్నదాంతోనే ఒక షాటు కొట్టి చూద్దామన్నారు. నేను గంట కొట్టాను, లెక్కపెట్టాను. కిటికీలో తళుక్కుమన్నది వంకాయ పువ్వు రంగు కాదు. పాలిపోయిన నీలం, గంజి నీళ్ళలో నీలిమందు కలిపినట్టు.

"ఇది గాలి కాదు. లోపలికి నూనె వెళ్ళింది" అన్నారు సారు.

"నూనె ఎక్కడిదండీ?" అంది ఆ అమ్మాయి.

"పంపులోది తప్ప ఇంకెక్కడిది?"

ఆ పంపులో నూనె కాగుతూ ఉంటుంది. కరెంటు పోయిన మరుక్షణం మధ్యలో ఉన్న వాల్వు మూసెయ్యాలి. మూయకపోతే గారె ఆ నూనె ఆవిరిని వెనక్కి పీల్చుకుంటుంది. ఆ వాల్వు మూయడం మేస్త్రి పని. అందరం అతని వైపే తిరిగాం.

"పంపులు వేసిన మంగళవారం కరెంటు పోయినప్పుడు మీరెక్కడున్నారు మేస్త్రిగారూ?" అంది ఆ అమ్మాయి.

"ఇక్కడేనండి."

"ఇక్కడంటే?"

"క్యాంటీను మెట్ల మీదండి. పరిగెత్తుకుని వచ్చి మూశానండి. ఆయ్, మూశాను. వంద లెక్కపెట్టేలోపే."

"వందా! పదే ఎక్కువండీ!" ఆ అమ్మాయి గొంతు అంత పైకి లేవడం నేను ఎప్పుడూ వినలేదు.

నేనైనా ఊరుకోవలసింది. ఊరుకోలేదు. "కరెంటు కోత ఎన్నింటికో తెలిసి కూడా టీకి వెళతావా? ఆ టీ నీళ్ళు ఎక్కడికి పోతాయయ్యా? నీ నాలిక కోసం పిల్ల చదువు ముంచావు" అన్నాను.

అతను భుజం మీది తువ్వాలు దులిపి, మళ్ళీ వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. సారు మెల్లగా చెప్పారు: పంపు నూనె వెళితే గారె మొత్తం విప్పాలి, ముక్క ముక్కా కడిగి మళ్ళీ బిగించాలి, నెల పైనే పడుతుంది. కమిటీ శుక్రవారం వస్తోంది. ఆ రోజు శనివారం. ఆ అమ్మాయి బల్ల అంచు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున్న మా మనవరాలికి తలంటాను. ముందు ఆముదం పట్టించి, తర్వాత కుంకుడుకాయ రసం పోసి రుద్దాను. నీళ్ళు పోసి చూస్తే జిడ్డు అలాగే ఉంది.

"మామ్మా, కళ్ళు మండుతున్నాయి, చాలు."

"ఉండవే, ఇంకా వదల్లేదు. ఆముదం ఒకసారికి వదులుతుందా?"

అన్నదాన్ని అక్కడే ఆగిపోయాను. వెంట్రుకకే ఒకసారికి వదలని ఆముదం, రబ్బరులోకి ఇంకిపోయిన ఆముదం, ఒక్క స్పిరిట్టు తుడుపుకి వదిలిందా? శనివారమంతా సారు నూనె నూనె అంటుంటే నాకు పంపు నూనే కళ్ళ ముందు కనిపించింది గానీ, నా సీసా కనబడలేదు. నూనె అంటే అక్కడ నల్లటి డబ్బాలో వచ్చేది. ఇంట్లో ఉన్నది ఆముదం.

చెబితే ఏమవుతుందో తెలుసు. నాకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. ఆ ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. చెప్పకపోతే మేస్త్రి మాట పడ్డవాడు పడ్డట్టే ఉంటాడు, ఆ పిల్ల గారె ముక్కలైపోతుంది. పిల్ల తల తుడవమని మా అమ్మాయికి అప్పగించి చీర మార్చుకున్నాను. లాబుకి ఎప్పుడూ సిటీ బస్సు దిగి నడిచేదాన్ని. ఆ రోజు ఇంటి ముందే ఆటో ఎక్కాను.

సారూ ఆ అమ్మాయీ ఉన్నారు. గారె విప్పడానికి పానాలు వరసగా పేర్చుకుంటున్నారు.

"ఆగండి. ఆ రింగుకి నేను ఆముదం రాశానండి."

ఇద్దరూ నా వైపు చూశారు.

"ఏం రాశారూ?" అన్నారు సారు.

"ఆముదమండి. సెలవుల్లో. ఎండిపోయిందని. రెండుసార్లు పట్టించి తుడిచేశాను."

సారు చేతికి తొడుగులు వేసుకుని, ఆ అమ్మాయికి సైగ చేశారు. పంపులు వేరుచేసి, గారెలోకి గాలి వదిలి, ఇద్దరూ మూత బోల్టులు విప్పారు. ఆ బోల్టులు విప్పినంతసేపూ నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ అమ్మాయి రింగు పైకి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"సార్! ఆముదమే సార్! తలంటు వాసన!"

సారు వాసన చూశారు. కుర్చీలో కూలబడ్డారు. నవ్వడం మొదలెట్టారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను ముందు.

"మిగతా రింగులకి కూడా రాశారా?"

"బల్ల మీద ఉన్న చిన్న వాటికి రాశానండి. అవి ఇంకా అక్కడే ఉన్నాయి."

"కొత్తదానికి?"

"దాని కవరుకి సీలు ఉందండి. సీలు విప్పితే పాడవుతుందని ముట్టుకోలేదు."

ఆ అమ్మాయి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. తిట్టడానికే అనుకున్నాను. "మామ్మగారూ, ఎంత మంచి మాట చెప్పారండీ! పంపుది కాదు! విప్పక్కర్లేదు!" అంటోంది. నాకేమీ అర్థం కాలేదు. ఉద్యోగం పోతుందని వెళ్ళినదాన్ని, నన్ను పట్టుకుని వీళ్ళు పండగ చేసుకుంటున్నారేంటి అని అయోమయంగా ఉంది. సారు విడమరిచి చెప్పారు. పంపు నూనె అయితే గారె అంతా పరుచుకుంటుంది. ఇది మూత చుట్టూనే ఉంది. అంచులు కడిగి, కొత్త రింగు వేసి, గారెని మూడు రోజులు వేడిమీద ఉంచితే మిగిలింది కూడా పోతుంది. శుక్రవారానికి అందుకోవచ్చు.

"నా సంగతేంటండీ?" అన్నాను.

"మీ సంగతా? బీరువా తాళం తియ్యండి" అన్నారు సారు.

మేస్త్రికి కబురు పంపారు. సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. మొహం ముడుచుకునే ఉన్నాడు. నేను గుమ్మంలోనే ఆపాను.

"తమ్ముడూ, తప్పు నాది. నూనె నేను రాసింది. నిన్న నేను నిన్ను అన్న మాట అనకూడనిది."

అతను విషయం అంతా విని, రింగు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. "అక్కగారూ, రాత్రి నిద్రలో కూడా ఆ వాల్వే మూస్తున్నానండి నేను! మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది!" అన్నాడు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఒట్టి మాటలతో కుదరదండి. పనసపొట్టు కూర వండి తేవాలి. ఆవపెట్టి" అన్నాడు.

"తెస్తాను."

"ఆముదంతో కాదండోయ్!"

ఆ అమ్మాయి కూడా, "మేస్త్రిగారూ, నన్ను కూడా క్షమించండి" అంది. "మీరు చిన్నపిల్లండి, మీకు కూర అక్కర్లేదు, ఒక టీ చాలు" అన్నాడు.

రోహిణి కార్తె ఎండలు. ఆ రేకుల షెడ్డులో గారె చుట్టూ వేడి పట్టీలు చుట్టి మూడు రోజులు కాచారు. వంతులు వేసుకుని కాపలా ఉన్నారు. నాకూ వంతు వేశారు. ముల్లు ఎంతకి దిగిందో పుస్తకంలో రాయమన్నారు, రాశాను. బుధవారానికి ముల్లు పాత చోటు దాటి కిందికి దిగింది. అది చూసి మేస్త్రి నా దగ్గరికి వచ్చి, "సైకిలు చైను ఎండిపోయిందండి, మీ మందు కాస్త రాసి పెడతారా?" అన్నాడు. పక్కనున్న చీపురు తీశాను. పారిపోయాడు.

శుక్రవారం కమిటీ వాళ్ళు ముగ్గురు వచ్చారు. ఒకాయన బాగా పెద్దాయన. వాళ్ళకి తెలుగు రాదు. షాటుకి గంట కొట్టి లెక్కపెట్టాను. ఒక తల తక్కువైంది. ఆ పెద్దాయన వల అవతలే నిలబడి డబ్బాలు చూసుకుంటున్నారు. సారు మొహమాటపడి చూస్తున్నారు. నేను, "బాబుగారూ, మీరు ఇవతలికి రానిదే ఇక్కడ ఏమీ వెలగదండి. రండి" అని చెయ్యి ఊపాను. భాష రాకపోతేనేం, చెయ్యి అర్థమైంది. వచ్చారు.

మొదటి షాటు తెల్లగా వెలిగింది. ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంది. రెండోది కూడా అంతే, అంచున కొంచెం నీలం. సారు మాత్రం, మెరుపు తగిలే కొద్దీ లోపలి గోడలు శుభ్రపడతాయి, ఇంకోటి అన్నారు. మూడోది రంగు మారింది. నాలుగో షాటుకి వంకాయ పువ్వు విచ్చినట్టు వెలిగింది.

పెద్దాయన కిటికీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ కొట్టమన్నారు. మళ్ళీ అదే రంగు. తర్వాత ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఏవేవో అడిగారు. ఆ పిల్ల మొదట కాగితాలు చూసి చెప్పింది, తర్వాత కాగితాలు పక్కన పడేసి చేతులు తిప్పుతూ చెప్పింది. చాలాసేపు అయింది. ఒకరు మే నెలలో పని ఎందుకు ఆగిందని అడిగినట్టున్నారు. సారు నా వైపు చూడకుండా, ఒక్క ముక్కలో ఏదో చెప్పారు. అందులో 'సీలు' అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది; రింగుని వాళ్ళు అలా అంటారు.

కారు ఎక్కే ముందు పెద్దాయన ఆ అమ్మాయికి చెయ్యి కలిపారు. కారు గేటు దాటాక సారు మా వైపు తిరిగి, "లాబు ఉంటుంది. ఈ అమ్మాయి పని పూర్తయ్యేదాకా గారెని ఎవరూ కదపరట" అన్నారు. మేస్త్రి తువ్వాలు గాల్లోకి విసిరి పట్టుకున్నాడు.

ఆ అమ్మాయి రోడ్డు మీదున్న ఎస్టీడీ బూతు వైపు నడిచింది. నేను కూడా వెంట వెళ్ళాను. సామర్లకోటలో పక్కింటి వాళ్ళకి ఫోను చేసి నాన్నగారిని పిలిపించింది. ఆయన అందుకున్నారు. ఈ పిల్ల "నాన్నా" అంది, అంతే, ఏడుపు. రిసీవరు నా చేతిలో పెట్టేసింది.

అవతల ఆయన కంగారుపడిపోతున్నారు. "ఏమైందమ్మా? ఏమైంది?"

"మాస్టారూ, నేను లాబులో అటెండర్నండి. కంగారు పడకండి. మీ అమ్మాయి మిషను బాగా వెలిగింది. దాన్ని ఎవరూ తీసెయ్యరట. చదువు పూర్తవుతుంది."

"దేవుడికి స్తోత్రం" అన్నారాయన. ఆ వెంటనే, "అమ్మా, అది అన్నం తిన్నదా?" అన్నారు.

గోడ గడియారం చూశాను. మూడు దాటింది. పొద్దున్నుంచీ మాలో ఎవ్వరమూ తినలేదు.

"ఇప్పుడే తినిపిస్తానండి" అన్నాను.